పీపా గొప్పా, నాలుక గొప్పా?

విస్కీ పీపాలో మాగబెట్టిన గట్టి ఏల్ సీసా చేతిలోకి తీసుకుంటే మూడు సంగతులు ముందుగా కంటపడతాయి: అది ఏ డిస్టిలరీ పీపాలో ఉండి వచ్చింది, ఎన్ని నెలలు ఉంది, ఆల్కహాల్ ఎంత శాతం. అమ్మేవాడు చెప్పేవీ ఇవే, కొనేవాడు అడిగేవీ ఇవే. సీసా ధరకు ఈ మూడింటితో దగ్గరి చుట్టరికం ఉంది. రుచికి మాత్రం అంత లేదు. ఈ రకం ఏల్‌లో మెచ్చుకోదగ్గది ఏదైనా ఉంటే అది చెక్క ఇచ్చిన వరమూ కాదు, కాలం పెట్టిన భిక్షా కాదు. ఏ పీపా బాగుంది, ఏది బాగాలేదు, దేనిలో దేన్ని ఎంత కలపాలి, దేన్ని మొహమాటం లేకుండా కాలవలో పారబోయాలి అని తేల్చిన మనిషి నాలుకది ఆ గొప్ప. ఇదీ నా వాదన. పీపాను తీసిపారేయాలని కాదు. దానికి రావలసిన వాటా కంటే చాలా ఎక్కువ దాని ఖాతాలో పడుతోందని నా ఫిర్యాదు.

ముందు ఈ పానీయం ఏమిటో చెప్పుకోవాలి. మన ఊళ్లలో బీరంటే లాగరే: చలిలో పులిసి, చలిలో నిలవుండి, చల్లగా గ్లాసులోకి దిగి, వేడెక్కేలోపు అయిపోవలసినది. ఏల్‌ను కాస్త వెచ్చటి చోట, వేరే జాతి ఈస్ట్‌తో పులియబెడతారు, అందుకే అందులో పండ్ల వాసనలు ఎక్కువ. గట్టి రకం కావాలంటే మాల్టు మోతాదు మామూలు బీరుకు రెండింతలో, అంతకు మించో పెంచి, మొదట జారే చిక్కటి తీపి రసాన్ని గంటల తరబడి మరిగిస్తారు. ఈస్ట్ ఆ చక్కెర మొత్తాన్ని తినలేదు. పది పన్నెండు శాతం ఆల్కహాల్ దగ్గరికి వచ్చేసరికి చతికిలబడుతుంది. అది తినకుండా వదిలేసిన తీపే పానీయానికి ఒళ్లు. ఇంగ్లండులో ఈ తరహాను ఓల్డ్ ఏల్ అనీ, బార్లీవైన్ అనీ అంటారు. పేరులో వైన్ ఉన్నా ద్రాక్షతో దానికి పనిలేదు. కాలిఫోర్నియాలోని పాసో రోబుల్స్ అనే ఊళ్లో ఫైర్‌స్టోన్ వాకర్ బ్రూవరీ చేసే సుకాబా ఈ కోవలోదే. దాన్ని మొదట అబాకస్ అన్నారు. ఆ పేరు అప్పటికే ఒక వైన్‌కు ఉండటంతో అక్షరాలు తిరగేసి సుకాబా చేశారు. ఆల్కహాల్ పదమూడు శాతానికి అటూ ఇటూ.

ఇలాంటి ఏల్‌ను గ్లాసులో పోస్తే మొదట తెలిసేది అందులో ఏముందో కాదు, ఏం లేదో. నురగ పెద్దగా ఉండదు; పలచటి గోధుమరంగు పొర ఒకటి లేచి అంచుల దాకా జరిగి ఆరిపోతుంది. అంత ఆల్కహాల్ మధ్య నురగ నిలవదు. రంగు ఎర్రటి మహాగని చెక్కది. గ్లాసు తిప్పితే గోడల మీద నూనె జారినంత నిదానంగా ధారలు దిగుతాయి. ముక్కు దగ్గర పెట్టగానే అన్నిటికన్నా ముందు దూకేది బర్బన్ అనే అమెరికన్ విస్కీ. వెనకే వెనిలా, పచ్చికొబ్బరి, లవంగం. చాలామంది ఇక్కడే ఆహా అని గ్లాసు దించేస్తారు. నిజానికి ఇంతవరకూ బ్రూవర్ ఇంకా మాట్లాడలేదు. మాట్లాడిందంతా డిస్టిలరీ, చెక్క. గ్లాసును ఓ పావుగంట అలా వదిలేసి, పానీయం పన్నెండు పదమూడు డిగ్రీలకు వచ్చాక మళ్లీ చూస్తే, విస్కీ ఆవిరి కొంత తగ్గి కింద నుంచి మాల్టు లేస్తుంది: మాడీ మాడని చక్కెర పాకం, ఎండుద్రాక్ష, ఎండిన చెర్రీ, రొట్టె పెచ్చు. గుటక దిగాక నాలుక అంచుల్లో ఓక్ వగరు తగులుతుంది. ఆ వగరు తీపిని పట్టి ఆపగలిగిందా, లేక తీపీ సెగా కలిసి గొంతులో పేచీ పెట్టాయా? ఈ ఏల్ బాగోగులు తేలేది ఈ ప్రశ్న దగ్గరే. దానికి సమాధానం సీసా మీది మూడు సంగతుల్లో దేనిలోనూ ఉండదు.

పీపా బీరుకు కొత్త కాదు. పీపా రుచి కొత్త. ఉక్కు ట్యాంకులు రాకముందు బీరంతా చెక్కలోనే పులిసింది, చెక్కలోనే ఊళ్లు దాటింది. అయినా ఆ కాలపు బ్రూవర్లు చెక్క రుచి బీరులోకి దిగకుండా పడని పాట్లు లేవు. జర్మన్, చెక్, అమెరికన్ బ్రూవరీల్లో పైన్ జాతి చెట్ల జిగురును కాచి పీపా లోపల పూత వేసేవారు, బీరుకు ఓక్ తగలకుండా. చెక్ దేశంలోని ప్ల్జెన్‌లో పిల్స్‌నర్ ఉర్కెల్ వాళ్లు ఈనాటికీ పీపాలు కట్టే పనివాళ్లను పెట్టుకుని కొన్ని పీపాలకు ఆ పూత వేయిస్తూనే ఉన్నారు. పూత వేయని ఇంగ్లీషు బ్రూవర్లు బాల్టిక్ తీరంలోని మెమెల్ రేవు నుంచి వచ్చే ఓక్‌ను ఏరి కోరి తెప్పించుకునేవారు, అది బీరుకు రుచి అంటించదని. అమెరికన్ ఓక్ బీరును చెడగొడుతుందని వాళ్లలో చాలామంది దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఈనాడు క్రాఫ్ట్ బ్రూవరీలు వెతికి పట్టుకునేది సరిగ్గా ఆ అమెరికన్ ఓక్‌నే అన్నది చరిత్ర చేసిన చిన్న ఎగతాళి. మన జాడీ ఊరగాయకు తన రుచి ఏమీ ఇవ్వదు. ఆవకాయ కుదిరితే ఎవరూ జాడీని పొగడరు, కలిపిన చేతిని పొగుడుతారు. ఆ బ్రూవర్లకు పీపా అంటే అంతే.

అంతమాత్రాన వాళ్లకు మాగుదల విలువ తెలియదని కాదు. లండన్‌లో పోర్టర్ అనే నల్లటి బీరును ఇళ్లంత ఎత్తు ఓక్ తొట్లలో నెలల తరబడి నిలవ ఉంచేవారు. 1814 అక్టోబర్ 17న టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర మ్యూ కంపెనీ తొట్టి ఒకటి పగిలి, సుమారు 3,500 పీపాల పోర్టర్ వీధిలోకి వరదై పారి ఎనిమిది మంది చనిపోయారు. ఆ నిలవలు ఎంతటివో ఆ దుర్ఘటన ఒక్కటీ చెబుతుంది. ఇంగ్లండు నుంచి మద్రాసుకూ కలకత్తాకూ ఓడల్లో వచ్చిన పేల్ ఏల్ కూడా నెలల పాటు సముద్రం మీద పీపాల్లోనే మాగింది, ఆ మాగుదలను ఇక్కడి ఇంగ్లీషువాళ్లు మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ మెప్పు ఓక్‌కు దక్కలేదు, దక్కనక్కర్లేదు. 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసే క్లాసెన్ అనే శాస్త్రవేత్త అసలు సంగతి బయటపెట్టాడు: పాత ఇంగ్లీషు ఏల్‌ల ప్రత్యేక పరిమళానికి కారణం చెక్కలో కాపురముండే ఇంకో రకం ఈస్ట్. దానికి ఆయన బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. అంటే శతాబ్దాల తరబడి మాగుదలకు దక్కిన కీర్తిలో పెద్ద వాటా కంటికి కనబడని ఒక సూక్ష్మజీవిది. ఈ ఒక్క సంగతి చాలు, 'మాగింది కాబట్టి బాగుంది' అనే మాటను నమ్మే ముందు కాస్త ఆగడానికి.

ఇప్పటి పద్ధతి వెనక ఉన్నది సంప్రదాయం కాదు, అమెరికా చట్టం. 1930లలో అక్కడి ప్రభుత్వం బర్బన్‌కు నిర్వచనం రాస్తూ, దాన్ని లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని తేల్చింది. కొత్తది అంటే ప్రతిసారీ కొత్తదే. దాంతో ప్రతి బర్బన్ పీపా ఒక్క కాన్పుతో నిరుద్యోగి అవుతుంది. అలా ఖాళీ అయిన, సుమారు 200 లీటర్లు పట్టే పీపాలు స్కాట్లండుకు పోతాయి, మెక్సికో టెకీలాకు పోతాయి, బీరుకూ వస్తాయి. ఖాళీ అన్న మాటే గాని నిజంగా ఖాళీ కాదు. చెక్క లోపలికి ఇంకిన విస్కీ కొన్ని లీటర్ల దాకా ఉంటుంది. బీరు పోయగానే అది బయటికి వస్తుంది, ఆల్కహాల్ శాతం కూడా కాస్త పెరుగుతుంది. చెక్క కాలినప్పుడు అందులోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. వెనిలా వాసన అదే. కొబ్బరి వాసన ఇచ్చేవి లాక్టోన్లు, అమెరికన్ ఓక్‌లో ఇవి మరీ ఎక్కువ. లవంగం యూజెనాల్‌ది. చక్కెర పాకం వాసన కొంత హెమిసెల్యులోజ్ మాడటం వల్ల. అంటే గ్లాసు ముక్కు దగ్గర పెట్టిన మొదటి క్షణంలో మనల్ని పడగొట్టే వాసనల్లో చాలా భాగం అమెరికాలోని కెంటకీలో ఎవరో కాల్చిన చెక్కది, ఎవరో కాచిన విస్కీది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇక నెలల లెక్క. తొమ్మిది నెలలంటే ఆరు నెలల కంటే మేలనీ, రెండేళ్లంటే ఇంకా మేలనీ అనుకోవడం తేలిక, ఎందుకంటే అంకెలు పోల్చడానికి నాలుక అక్కర్లేదు. పీపాలో మాత్రం కాలం సూటిగా నడవదు. ఇంకి ఉన్న విస్కీ మొదటి కొన్ని వారాల్లోనే చాలావరకు బీరులోకి దిగిపోతుంది. చెక్క వాసనలూ వగరూ అంతకంటే నిదానంగా దిగుతాయి. ఆ పైన పనిచేసేది గాలి. చెక్క సందుల్లోంచి, మూత దగ్గర నుంచి కొద్దికొద్దిగా చొరబడే ఆక్సిజన్ ఒక హద్దు దాకా ఎండుఖర్జూరం, షెర్రీ వాసనలు తెస్తుంది. హద్దు దాటితే తడిసిన అట్టముక్క వాసన తెస్తుంది. ఆ హద్దు ఏ తేదీన వస్తుందో క్యాలెండర్ చెప్పదు. ఎండా తేమా తోడయితే లెక్క ఇంకా చెదురుతుంది. స్కాట్లండు గోదాముల్లో విస్కీ ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ పీపాల్లో అది పది శాతం దాటుతుంది. అందుకే వయసు చిన్నదైనా అమృత్ విస్కీ 2004లో గ్లాస్గో మార్కెట్‌లో అడుగుపెట్టి నిలదొక్కుకోగలిగింది. ఎడిన్‌బరో చలిలో గడిచిన ఏడాదీ, హైదరాబాద్ మే నెలను చూసిన ఏడాదీ ఒకే ఏడాది కాదు. గోదాము ఎంత వేడిగా ఉందో చెప్పకుండా నెలలు మాత్రం చెప్పే సీసా మనకు చెప్పింది ఏమీ లేదు.

పక్కపక్కనే, ఒకే గదిలో, ఒకే రోజు, ఒకే ఏల్ నింపిన పీపాలు కూడా ఒకలా ఉండవు. చెట్టు వేరు, కాల్చిన తీరు వేరు, ఇంకిన విస్కీ వేరు, చెక్కల బిగువు వేరు. దీన్ని దగ్గరి నుంచి చూడాలంటే పీపా ముఖం మీద ఉండే చిన్న స్టీలు మేకును చూడాలి. పీపా మూత తీస్తే గాలి జొరబడుతుంది కాబట్టి, ముందుభాగంలో సన్నటి రంధ్రం పెట్టి దానికి మేకు బిగిస్తారు. మేకు పీకితే సన్నటి ధార గ్లాసులోకి చిమ్ముతుంది. గుక్కెడు పట్టుకుని మళ్లీ మేకు దిగ్గొడతారు. కాలిఫోర్నియాలోనే ఉన్న రష్యన్ రివర్ బ్రూవరీకి చెందిన విన్నీ చిలుర్జో పేరు మీద దీన్ని 'విన్నీ మేకు' అంటారు. బ్రూవర్ గ్లాసు పట్టుకుని వరసగా పీపాలన్నీ తిరుగుతాడు. ఒకదాంట్లో కొబ్బరి మరీ ముదిరి సబ్బు వాసన వేస్తుంది. ఒకటి గోళ్ల రంగు వాసన వేస్తుంది, అంటే ఇథైల్ ఎసిటేట్ చేరింది. ఇంకొకటి మెల్లగా వెనిగర్ దారి పట్టింది. ఒకటి ఏ వాసనా పట్టకుండా చప్పగా మిగిలిపోయింది. ఇంకెక్కడో మూల ఒకటి అద్భుతంగా ఉంది, కానీ ఒంటరిగా తాగలేనంత వగరు. ఇవన్నీ ఒకే వంటకం, ఒకే ఇంటి సరుకు. పీపాయే గొప్పదైతే ఇవన్నీ గొప్పగా ఉండాలి కదా!

ఇక్కడే ఫైర్‌స్టోన్ వాకర్ కథ అక్కరకు వస్తుంది. ద్రాక్షతోటల కుటుంబానికి చెందిన ఆడమ్ ఫైర్‌స్టోన్, అతని సోదరి భర్త డేవిడ్ వాకర్ 1996లో ఈ బ్రూవరీ పెట్టారు. తోటలో వాడేసిన వైన్ పీపాల్లో బీరు పులియబెడితే సరిపోతుందనుకున్నారు. ఆదిలోనే హంసపాదు, ఆ బీరు తాగేలా లేదు. పీపా ఉంది, కాలం ఉంది, రుచి లేదు. తర్వాత కుదిరిన పద్ధతిలో పీపాల్లో పులిసిన బీరును ఉక్కు ట్యాంకుల్లో పులిసిన బీరుతో కలపడం మొదలుపెట్టారు. 2006లో పదో వార్షికోత్సవానికి చుట్టుపక్కల వైన్ తయారీదార్లను పిలిచి, తమ దగ్గరున్న రకరకాల పీపా ఏల్‌లను ముందు పెట్టి, కలిపి చూడమన్నారు. అప్పటి నుంచీ అది అక్కడ ఆనవాయితీ. పారాబోలా అనే నల్లటి స్టౌట్, బ్రావో అనే గోధుమరంగు ఏల్, హెల్డొరాడో అనే లేతరంగు బార్లీవైన్, సుకాబా లాంటివి విడివిడిగా పెడతారు. బృందాలుగా కూర్చుని, కొలగ్లాసులతో కలిపి, ఏది ఎవరిదో తెలియకుండా రుచి చూసి ఒకదాన్ని ఎంచుతారు. బీరు గురించి బ్రూవర్లకు తెలియనిదేదో వైన్ వాళ్లకు తెలుసని కాదు. కలపడం అనే విద్యలో వాళ్లది అందెవేసిన చేయి, అంతే. పీపా చాలదని ఒక బ్రూవరీ ఇంతకంటే బాహాటంగా ఎలా ఒప్పుకుంటుంది?

యూరప్‌లో ఈ విద్య పాతదే. ఇంగ్లండులోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో గ్రీన్ కింగ్ వాళ్లు ఓల్డ్ 5ఎక్స్ అనే 12 శాతం ఏల్‌ను రెండేళ్లు ఓక్ తొట్లలో ఉంచుతారు. అయితే దాన్ని అలాగే తాగమని అమ్మడం వాళ్ల ఉద్దేశం కాదు. పలచటి కొత్త ఏల్‌లో కలిపి 6 శాతం స్ట్రాంగ్ సఫక్ చేయడానికే. బెల్జియంలోని రూసలారాలో రోడెన్‌బాక్ బ్రూవరీకి దాదాపు మూడు వందల నిలువెత్తు ఓక్ తొట్లు ఉన్నాయి, కొన్ని నూట యాభై ఏళ్లు దాటినవి. అక్కడి ఏల్ రెండేళ్లు పులిసి పులుపెక్కాక, గ్రాండ్ క్రూలో రెండు పాళ్లు పాతది ఒక పాలు కొత్తదీ, మామూలు రోడెన్‌బాక్‌లో ఒక పాలు పాతది మూడు పాళ్లు కొత్తదీ కలుపుతారు. పాతదే మేలైతే పాతదాన్నే అమ్మాలి. చాలావరకు అలా అమ్మరు. ఎంత పాతది ఎంత కొత్తదాన్ని మోయగలదో తెలియడమే ఆ బ్రూవరీల అసలు ఆస్తి.

పారబోయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఎవరికీ కనబడని పని. గట్టి ఏల్‌కు ఆల్కహాల్ కవచం ఉందనీ, అందులో ఏ సూక్ష్మజీవీ బతకదనీ చాలామంది ధీమా. షికాగోలో గూస్ ఐలండ్ బ్రూవరీ వాళ్లు 1990లలో ఆరు జిమ్ బీమ్ బర్బన్ పీపాలతో మొదలుపెట్టిన బర్బన్ కౌంటీ స్టౌట్ ఈ తరహా మొత్తానికీ దారి చూపింది. అదే బ్రాండ్ 2015 సీసాల్లో కొన్ని పులిసిపోయాయి. ముందుగా బయటపడినవాటిలో బార్లీవైన్ ఒకటి. ఆల్కహాల్‌ను తట్టుకునే లాక్టోబాసిలస్ జాతి ఒకటి అందులో చేరిందని తేలింది. కంపెనీ కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చింది, తర్వాతి ఏడాది నుంచి పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. ఉదయం చెట్టు మీంచి దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుందని తెలిసిన మనకు ఇది వింత కాదు. నేను ఎత్తి చూపుతున్నది తప్పును కాదు. మంచి పీపాలు, కావలసినంత కాలం, దండిగా ఆల్కహాల్, మూడూ ఉన్నచోట కూడా సీసా చెడగలదు; చెడిన పీపాను ముందే పట్టుకుని పారబోయాల్సింది మనిషే.

నా వాదనకు ఎదురయ్యే మొదటి ఆక్షేపణ గట్టిదే. చెక్క రుచి చెక్కదే అయితే పీపా దేనికి? ఉక్కు ట్యాంకులో ఓక్ ముక్కలు వేస్తే చాలదా? ఎడిన్‌బరోకు చెందిన ఇన్నిస్ అండ్ గన్ సరిగ్గా ఈ దారినే నడిచింది. ఆ కంపెనీ పుట్టుకే విచిత్రం. విలియం గ్రాంట్ అనే విస్కీ సంస్థ తన పీపాలకు ఏల్ వాసన పట్టించాలని వాటిలో ఏల్ పోయించింది. విస్కీ కోసం పీపాను తయారుచేశాక ఆ ఏల్‌ను పారబోసేవారు. పారబోస్తున్న దాన్ని పనివాళ్లు రుచి చూసి బాగుందన్నారు. 2003లో అదే సీసాల్లోకెక్కి అమ్మకానికి వచ్చింది. తర్వాత అమ్మకాలు పెరిగాక వాళ్లు పీపాలు వదిలి, ఓక్ ముక్కల గుండా బీరును తిప్పే యంత్రానికి మారారు. వెనిలా, టాఫీ వాసనలు చక్కగానే వచ్చాయి, రోజుల్లోనే వచ్చాయి. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. చెక్కే గొప్పదనుకునేవాడికి ఓక్ ముక్కల ఏల్‌ను తప్పుపట్టే హక్కు లేదు, చెక్క రెండింటిలోనూ ఉంది. నా లెక్క ప్రకారం తేడా వేరేచోట ఉంది. యంత్రం ప్రతిసారీ ఒకే ఫలితం ఇస్తుంది, అందుకే దాన్ని కొంటారు. ఇరవై పీపాలు ఇరవై రకాలుగా తయారైనప్పుడే ఎంచుకోవడమనేది ఉంటుంది. పీపా ఇచ్చే అసలు మేలు రుచి కాదు, ఈ గందరగోళం. దాన్ని చక్కదిద్దగలిగే మనిషి లేనిచోట ఓక్ ముక్కలే నయం, కనీసం ధరైనా తగ్గుతుంది.

మరి సింగిల్ బ్యారెల్ అని, దేనితోనూ కలపకుండా ఒకే పీపా నుంచి నింపే సీసాల సంగతేమిటని అడగొచ్చు. అక్కడా ఎంపికే. వందలో ఆ ఒక్కటీ ఒంటరిగా నిలబడగలదని ఎవరో రుచి చూసి చెప్పాలి. చెప్పినవాడు సరైనవాడు కాకపోతే ఆ సీసా మీది 'సింగిల్' అన్న మాట హెచ్చరికగా పనికొస్తుంది తప్ప గొప్పగా కాదు.

చిన్న బ్రూవరీ అన్న మాటకు విలువ ఉందా అన్నది ఇంకో చిక్కు ప్రశ్న. గూస్ ఐలండ్‌ను 2011లో ఆన్‌హైజర్ బుష్ ఇన్‌బెవ్ అనే మహాసంస్థ 3 కోట్ల 88 లక్షల డాలర్లకు కొంది. ఫైర్‌స్టోన్ వాకర్ 2015లో బెల్జియం కంపెనీ డువెల్‌తో కలిసింది. ఆ తర్వాత కూడా రెండు చోట్లా మంచి ఏల్ వస్తూనే ఉంది. కాబట్టి చిన్నతనం దానంతటదే గుణం కాదు. చిన్న బ్రూవరీలు అమ్మే పీపా ఏల్‌లలో వెనిగర్ వాసన వేసేవీ, విస్కీ పోసిన పాకంలా ఉండేవీ తక్కువేం కాదు. ముప్పై పీపాలున్న చోట పది పారబోస్తే ఏడాది ఆదాయంలో పెద్ద బొక్క పడుతుంది. అందుకే చిన్నచోట చెడిన పీపాను మంచి పీపాల్లో కలిపేసి కప్పిపెట్టాలనే ఆశ ఎక్కువ. చిన్నచోట ఉండే లాభం ఒక్కటే: రుచి చూసిన మనిషికీ పారబోయమని చెప్పే మనిషికీ మధ్య మెట్లుండవు, చాలాసార్లు ఇద్దరూ ఒకరే. ఆ లాభాన్ని వాడుకున్నవాడు చిన్నవాడైనా పెద్దవాడైనా నాకొకటే. ధర కూడా ఇక్కడి నుంచే న్యాయమో అన్యాయమో అవుతుంది. పారబోసిన పీపాల ఖరీదు మిగిలిన సీసాల మీద పడితే అది న్యాయమైన ధర. ప్రసిద్ధ డిస్టిలరీ పేరు మోసిందని పడితే అది పేరు బేరం.

అంత చెప్పి విస్కీ రుచే కావాలంటే విస్కీయే తాగొచ్చుగా అంటారు కొందరు. ఈ మాట సగం ఒప్పుకోవాలి. అమ్ముడయ్యే పీపా ఏల్‌లలో చాలావాటికి ఇది తగిన శాస్తే. వాటిలో బర్బన్‌ను తీసేస్తే మిగిలేది ఉలవచారు రంగు తీపి నీళ్లు. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, విస్కీలో మాల్టు ఒళ్లు ఉండదు, బీరుకు వేసే హాప్స్ పూల చేదు ఉండదు. ఆ ఒళ్లు బట్టీలోనే మిగిలిపోతుంది, హాప్స్ అసలు వేయరు. మంచి బార్లీవైన్‌లో ఓక్ వగరూ హాప్స్ చేదూ రెండు వైపుల నుంచి తీపిని పట్టుకుంటాయి. విస్కీ ఇవ్వలేని రుచి ఇదొక్కటి ఉంది. దీన్ని కుదర్చాలంటే పీపాలోకి దించే ముందే ఏల్ గట్టిగా, చేదుగా, తీపిగా, పీపాకు ఎదురు నిలిచేలా తయారవ్వాలి. పలచటి బీరును తెచ్చి బర్బన్ పీపాలో పోస్తే పదిరోజుల్లో పీపా దాన్ని మింగేస్తుంది.

గట్టిదనం మాట వచ్చింది కాబట్టి మన వైపు నుంచి వచ్చే ప్రశ్నను దాటెయ్యకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు తిరిగితే ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. అలాంటి నేల మీద పదమూడు శాతం పానీయాన్ని కొనియాడటం ఏం సబబని అడిగేవాళ్లున్నారు. అడగాలి కూడా. మనకు స్ట్రాంగ్ బీరు తెలియనిది కాదు. మన దేశపు ప్రమాణాల్లో 5 నుంచి 8 శాతం దాకా ఉన్నది స్ట్రాంగ్. మన మార్కెట్లో ఎక్కువ అమ్ముడయ్యేదీ అదే. అక్కడ గట్టిదనం ఇచ్చిన డబ్బుకు ఎంత త్వరగా ఎక్కుతుందనే లెక్క. పీపా ఏల్‌లో గట్టిదనం చెక్కను తట్టుకోవడానికీ, నిలవుండటానికీ. ఇదొక నిజమైన తేడా. అయితే దీన్ని పట్టుకుని పీపా ఏల్ సాత్వికమైనదని చెబితే అబద్ధం. 355 మిల్లీలీటర్ల సీసాలో 13 శాతమంటే 46 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. 650 మిల్లీలీటర్ల 8 శాతం స్ట్రాంగ్ బీరులో 52. ఒళ్లు ఈ రెండింటినీ పెద్ద తేడాగా చూడదు. కాలేయానికి ఓక్ పరిమళంతో పనిలేదు. ఈ వ్యాసం తాగమని చెప్పేది కాదు. తాగేవాళ్లు దేనికి డబ్బు ఇస్తున్నారో తెలుసుకోవాలని మాత్రమే అంటోంది. ఇద్దరు ముగ్గురు పంచుకుంటే ఈ సీసా పాడేమీ కాదు, రుచి చూడటానికి నిజానికి అంతే చాలు.

ఇక మిగిలింది చివరి ఆక్షేపణ: నాలుక గొప్పంటే ఎవరి నాలుక, దానికి సాక్ష్యం ఏది? పీపానైతే లెక్కపెట్టొచ్చు, నెలల్ని తేదీలతో చూపించొచ్చు; ఎంపికను చూపించడం ఎలా? కష్టమే, కానీ అసాధ్యం కాదు. ఫైర్‌స్టోన్ వాకర్ వాళ్లు తమ వార్షికోత్సవ ఏల్‌లో ఏ రకం ఎంత శాతం కలిసిందో బయటికి చెబుతారు: ఇది ఇంత పాళ్లు, అది అంత పాళ్లు అని. వాటిలో పారాబోలా, సుకాబా లాంటివి విడిగానూ సీసాల్లో అమ్ముడయ్యాయి. ముందు ఆ విడివిడి ఏల్‌లను కొంచెం కొంచెం రుచి చూసి, తర్వాత మిశ్రమం దగ్గరికి వస్తే, స్టౌట్‌లో మాడు వాసన ఎక్కడ వెనక్కి తగ్గింది, బార్లీవైన్ తీపి ఎక్కడ పట్టు దొరికించుకుంది, రెండింటిలోనూ లేని రుచి ఏదైనా పుట్టిందా అని ఎవరికి వారు పోల్చి చూసుకోవచ్చు. అది కనబడని ఏడాది కలిపినవాళ్లు తప్పారని నిర్భయంగా అనొచ్చు.